ఆడుకునే చోటు ఎవరిది?

స్కేట్‌బోర్డు చక్రం అయిదు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. దాని కింద చిన్న కంకరరాయి పడితే చాలు, బోర్డు టక్కున ఆగిపోతుంది. దానిమీద ఉన్న పిల్లవాడు మాత్రం ఆగడు... ముందుకెళ్లి పడతాడు. అందుకే ఆ ఆట ఆడే చోటు అరచేతిలా నున్నగా ఉండాలి. రోజూ ఊడవాలి. పగులు కనిపించగానే పూడ్చాలి. పట్టించుకోకపోతే వాననీళ్లు ఆ పగుల్లోకి దిగి దాన్ని గుంట చేస్తాయి. గుంట పడ్డాక పిల్లలు రావడం మానేస్తారు. పిల్లలు రాని చోటికి చెత్త వస్తుంది. చెత్త తర్వాత తాళం వస్తుంది. ఆ తర్వాత ఎవరికో ఒకరికి ‘ఊరికే పడి ఉంది కదా, ఇంకో పనికి వాడుకుందాం’ అన్న ఆలోచన వస్తుంది!

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ వాసులకు ఈ వరస విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ పాట వినేవాళ్లకు త్యాగరాయ గానసభ ఉంది. ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లకు సిటీ సెంట్రల్‌ లైబ్రరీ ఉంది. కోచింగ్‌ సెంటర్లకీ, హాస్టళ్లకీ, టిఫిన్‌ బళ్లకీ లోటు లేదు. పన్నెండేళ్ల పిల్లాడు ఆడుకోవాలంటే మాత్రం అపార్ట్‌మెంట్‌ సెల్లారే దిక్కు. అక్కడా కార్లే. ‘అద్దాలు పగుల్తాయి, అటెళ్లి ఆడుకోండి’ అంటాడు వాచ్‌మన్‌. అటు అంటే ఎటు?

నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న పెద్ద చోటు ఇందిరా పార్కు. 1975లో శంకుస్థాపన చేసి, 1978లో జనం కోసం తెరిచిన 76 ఎకరాల పార్కు అది. అందులో స్కేటింగ్‌ రింకు కూడా ఉంది. రింకు వేరు, స్కేట్‌పార్కు వేరు. రింకు చదునైన గచ్చు. బూట్ల కింద చక్రాలు కట్టుకుని గుండ్రంగా తిరగడానికి పనికొస్తుంది. స్కేట్‌పార్కులో కాంక్రీటు వాలులు, మెట్లు, ఇనుప కడ్డీలు ఉంటాయి. బోర్డుతో వాటిమీదికి ఎక్కుతారు, దూకుతారు, జారతారు. ఆటలు వేరైనా రెండింటి అవసరం ఒక్కటే. నున్నటి నేల, దాన్ని తమదనుకునే మనుషులు.

‘చదువు మానేసి చక్రాలేంటి?’ అనే పెద్దలు ఉంటారు. వాళ్లకో మాట. టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి స్కేట్‌బోర్డింగ్‌ పెట్టారు. 2021లో జరిగిన ఆ పోటీల్లో మహిళల స్ట్రీట్‌ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్‌ అమ్మాయి మొమిజి నిషియాకీ, రజతం గెలిచిన బ్రెజిల్‌ అమ్మాయి రేసా లీల్‌కీ అప్పటికి పదమూడేళ్లే. అంత దూరం ఎందుకు? హైదరాబాదీ అనూప్‌ కుమార్‌ యామ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్‌ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు.

సరే, పాడుబడిన చోటు మళ్లీ బాగుపడుతుందా? లండన్‌లో ఏం జరిగిందో చూడండి.

థేమ్స్‌ నది ఒడ్డున క్వీన్‌ ఎలిజబెత్‌ హాల్‌ అనే కచేరీల భవనం ఉంది. 1967లో తెరిచారు. పైన సంగీతం, కింద స్తంభాల మధ్య ఖాళీ జాగా. కట్టినవాళ్లు దాన్ని ఆట కోసం కట్టలేదు. అక్కడి కాంక్రీటు వాలులు చూసి 1970ల్లో కుర్రాళ్లు బోర్డులతో వచ్చేశారు. వాన పడినా తడవరు, టికెట్‌ లేదు, అడిగేవాడు లేడు. తర్వాత్తర్వాత వాళ్ల తమ్ముళ్లు, ఆపైన వాళ్ల పిల్లలు కూడా వచ్చారు. 2000ల మధ్యకొచ్చేసరికి అందులో చాలాభాగం మూసేశారు. 2013లో అసలు కబురు తెలిసింది. పన్నెండు కోట్ల పౌండ్లతో ఆ ప్రాంగణాన్ని కొత్తగా తీర్చిదిద్దుతామనీ, స్కేటర్లు ఆడే జాగాలో దుకాణాలు, హోటళ్లు వస్తాయనీ ప్రకటించారు. స్కేటర్లకు కాస్త దూరంలో, వంతెన కింద వేరే చోటు కట్టిస్తామన్నారు.

ప్రత్యామ్నాయ స్థలం! ఈ మాట వినగానే తెలుగు పాఠకుడికి నవ్వొస్తుంది. లండన్‌ కుర్రాళ్లకూ నమ్మకం కుదరలేదు. ‘లాంగ్‌ లివ్‌ సౌత్‌బ్యాంక్‌’ అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మొదటి ఆయుధం లాయరు కాదు, ఒక బల్ల. ఆడే చోటు ముందే బల్ల వేసి, దారిన పోయేవాళ్లను ఆపి, విషయం చెప్పి, సంతకం అడిగారు. ఎప్పుడూ బోర్డు ఎక్కని పెద్దవాళ్లు కూడా పెట్టారు. అలా లక్షన్నర మంది దాకా మద్దతుదారులయ్యారు. స్థానిక మండలి ఆ జాగాను సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేసింది. నగర మేయరు కూడా స్కేటర్ల వైపే మాట్లాడారు. 2014 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. ఆట అక్కడే ఉంటుంది!

కథలో అసలు ముచ్చట ఆ తర్వాతిది. నిన్నటిదాకా ‘ఖాళీ చేయండి’ అన్న సంస్థ, ‘కదలం’ అన్న కుర్రాళ్లు 2017లో పక్కపక్కన నిలబడి విరాళాలు అడిగారు. మూసేసిన భాగాన్ని మళ్లీ తెరవడానికన్నమాట. చిన్న మొత్తాలు, పెద్ద మొత్తాలు కలిసి పని పూర్తయ్యేసరికి దాదాపు 11 లక్షల పౌండ్లు ఖర్చయింది. 2019 జులైలో గోడలు తీసేశారు. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్న పాత కాంక్రీటు వాలుల మీద మళ్లీ చక్రాలు తిరిగాయి.

అది లండన్‌, అక్కడ డబ్బుంది అంటారా? అయితే చిక్కడపల్లికి కాస్త దూరంలోనే ఉన్న బన్సీలాల్‌పేటకు వెళ్లి చూడండి. అక్కడి పాత మెట్లబావి దశాబ్దాల పాటు చెత్తతో నిండిపోయింది. పక్కింటివాళ్లకే అది బావి అన్న సంగతి గుర్తులేని పరిస్థితి. 2021లో రెయిన్‌వాటర్‌ ప్రాజెక్ట్‌కు చెందిన ఆర్కిటెక్ట్‌ కల్పనా రమేశ్‌ బృందం, ప్రభుత్వ శాఖలు, బస్తీవాసులు కలిసి దాన్ని తవ్వారు. అడుగున నీళ్లు కనిపించాయి. 2022 డిసెంబరు 5న దాన్ని ప్రజలకు అంకితం చేశారు. చెత్త పడేసిన చోటికే జనం పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగారు.

బావికైనా ఆటస్థలానికైనా సూత్రం ఒక్కటే. సిమెంటు ముందు పగలదు. ‘మనది’ అన్న భావన ముందు పగులుతుంది. బాగుచేయడమూ అక్కడినుంచే మొదలవ్వాలి. నిధులు మంజూరై, గుత్తేదారు వచ్చి, రంగులేసి వెళ్లిపోతే రెండో వానకే మళ్లీ మొదటికొస్తుంది. వాడుకునేవాళ్ల చేయి పడిన చోటు అలా కాదు. అక్కడ పగులు కనిపిస్తే అడిగేవాళ్లు ఉంటారు.

కాలనీ సంఘాలు వినాయకచవితికి వారం తిరక్కుండా చందాలు పోగుచేస్తాయి. పందిరి వేస్తాయి, విద్యుత్‌ దీపాలు పెడతాయి, నిమజ్జనం దాకా కాపలా కాస్తాయి. ఆ శక్తిలో పదోవంతు ఒక ఆటస్థలానికి పెడితే? ఒక ఆదివారం నలుగురు వెళ్లి గచ్చు చుట్టూ నడవాలి. పగుళ్లెక్కడ, నీళ్లెక్కడ నిలుస్తున్నాయి, దీపం వెలుగుతోందా లేదా అని కాగితం మీద రాసుకోవాలి. ఫొటోలు జతచేసి నగరపాలక సంస్థకు ఇచ్చి, రశీదు తీసుకోవాలి. పగుళ్లు పూడ్చడం, వాలు సరిచేయడం తెలిసిన మేస్త్రీ పని. అది వాళ్లకే వదలాలి. ఊడవడం మాత్రం ఎవరైనా చేయొచ్చు. ఎవరు ఏ రోజు ఊడవాలో పిల్లలతోనే వంతులు వేయించాలి.

మొదటివారం నలుగురే వస్తారు. ఫరవాలేదు. చీపురు పట్టిన పిల్లాడు మర్నాడు అదే చోట చాక్లెట్‌ కాగితం పారేయడు. పక్కవాడు పారేస్తే ఊరుకోడు కూడా.