కృష్ణ ఒడ్డున దేవసూగూరు

రాయచూరు నుండి హైదరాబాదు పోయే రోడ్డుమీద సుమారు ఇరవై కిలోమీటర్లు వెళ్ళేసరికి కృష్ణానది అడ్డు వస్తుంది. ఆ నదికి దక్షిణపు గట్టున ఉన్నది దేవసూగూరు. ఊరికి పేరు తెచ్చినది సూగూరేశ్వరస్వామి గుడి. స్వామి రథోత్సవానికి ఇటు కన్నడ గ్రామాల నుండీ, అటు మక్తలు, నారాయణపేట వైపు తెలుగు గ్రామాల నుండీ జనం వస్తారు. దత్తభక్తులకు పరమ పవిత్రమైన కురువపురం కూడా ఇదే నదిలో, ఇదే తాలూకాలో ఒక లంకమీద ఉన్నది.

వంతెన దాటితే ఎదుటి గట్టున నది పేరే పెట్టుకున్న కృష్ణ అనే ఊరూ, రైలుస్టేషనూ ఉన్నాయి. అది తెలంగాణలోని నారాయణపేట జిల్లా. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వం రెండు గట్లూ ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఆనాటి రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రానికి వచ్చింది. గీత గీసిన పెద్దలు నదిని సరిహద్దుగా చూచుకున్నారేగాని, మాట మాత్రం ఆ గీతను పట్టించుకోలేదు. దేవసూగూరు బజారులో బేరం కన్నడంలో మొదలై తెలుగులో ముగియడం ఇప్పటికీ వినవచ్చు.

ఊరి పక్కనే శక్తినగరం. రాయచూరు థర్మల్ విద్యుత్కేంద్రం అక్కడిదే. మొదటి యూనిటు 1985లో నడిచింది. తరువాత తరువాత ఎనిమిది యూనిట్లు అయి, మొత్తం శక్తి 1720 మెగావాట్లకు చేరింది. గుడి గోపురమూ, కార్ఖానా పొగగొట్టాలూ ఒకే చూపులో కనబడే చోటు ఇది.

ఈ రెండూ చూచి వచ్చిన యాత్రికులు చాలామంది ఉంటారు. మేము నలుగురం పోయినది మాత్రం మూడవదాన్ని చూడడానికి. ఈ ప్రాంతంలో తెలుగులో ప్రార్థన చేసుకునే చిన్న చిన్న క్రైస్తవ కూటాలు ఉన్నాయి. వాటినిగురించి మన ఇళ్ళలో మాట వచ్చినప్పుడల్లా రెండే ముక్కలు వినబడతాయి: "మతం మారుస్తున్నారు", "ఓట్లు మారుస్తున్నారు". ఇందులో నిజమెంతో చూచి తెలుసుకోవడం మంచిదనుకున్నాము.

ముందుగా ఈ మతం ఈ దారికి ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. బొంబాయి నుండి వచ్చిన రైలు దారీ, మద్రాసు నుండి వచ్చిన రైలు దారీ 1871లో రాయచూరులో కలుసుకున్నాయి. ఆ దారి వెంబడే బైబిలూ నడిచింది. విలియం టేలర్ అనే అమెరికా ప్రచారకుడు 1870లో మన దేశం వచ్చి బొంబాయి మొదలుకొని మెథడిస్టు సంఘాలు పెట్టాడు. రాయచూరు, యాదగిరి, బీదరు ఆ సంఘాలకు స్థావరాలైనాయి. నదికి అవతల పాలమూరులో 1885లో అమెరికన్ బాప్టిస్టులు మిషను పెట్టారు. అటు తరువాత ఆ పని మెన్నొనైటు బ్రెదరన్ వారి చేతికి వచ్చింది.

ఇదే రైలు దారిలో, పూనా దాటిన తరువాత కేడ్గాం అనే చిన్న స్టేషను ఉన్నది. అక్కడ పండిత రమాబాయి నడిపిన ముక్తి ఆశ్రమంలో 1905లో ఒక ఉజ్జీవం వచ్చింది. ఆశ్రమంలోని బాలికలు, వితంతువులు ఏడుస్తూ, గొంతెత్తి, తెలియని భాషలు పలుకుతూ ప్రార్థించారట. లోకమంతా పెంతెకొస్తు మతానికి పుట్టిల్లుగా చెప్పుకునే అమెరికాలోని అజూసా వీధి కూటాలు మొదలైనది మరుసటి ఏడు, 1906లో. కనుక చేతులెత్తి కేకలువేసే ఈ ప్రార్థన నిన్నమొన్న విమానంలో దిగిన సరుకు అనుకోవడం సరికాదు.

మిషనరీలు తెచ్చినదాన్ని మనవారు తమ తీరున మలుచుకున్నారు. వికారాబాదు దగ్గర ధారూరు అడవిలో మెథడిస్టులు 1923 నుండి చేసుకుంటున్న కూటాన్ని జనం "ధారూరు జాతర" అంటారు. ప్రతి నవంబరులో తెలంగాణ, కర్ణాటకల నుండి కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చి గుడారాలు వేసుకుంటాయి. అమెరికా అడవుల్లోని గుడార సభల ఆచారం మన జాతరతో కలిసిపోయింది.

ఈ జిల్లాకు తెలుగు క్రైస్తవులు మరి రెండు దారుల వచ్చారు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీళ్ళు పారడంతో కోస్తా రైతులు సింధనూరు, మాన్వి తాలూకాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్న కథ మన పాఠకులలో చాలామందికి స్వంత కథే. రైతుల వెంట కూలి కుటుంబాలూ వచ్చాయి, వాటిలో కొన్ని తమ కీర్తనల పుస్తకాన్ని మూటలో పెట్టుకు వచ్చాయి. ఆ తరువాత 1980లలో విద్యుత్కేంద్రం పనులకు మరికొందరు వచ్చారు.

మేము వెళ్ళినది ఆదివారం. కూటం జరిగేది ఒక రేకుల షెడ్డులో. చాపలు పరిచారు. ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు. ఆడవారందరి తలలమీదా కొంగు ఉన్నది. ఒక డోలక్, ఒక కంజిర, అరువు తెచ్చిన మైకు. పాట అయిన తరువాత సాక్ష్యాలు. అంటే, ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు ఎవరికివారు లేచి చెప్పుకోవడం. ఆ తరువాత వాక్యం. చివరకు రోగులు ముందుకు వస్తే నూనె రాసి, తలమీద చేయిపెట్టి ప్రార్థించారు. ఆ సమయంలో అందరి గొంతులూ ఒక్కసారి లేచాయి. అలవాటు లేనివారికి గుండె దడదడలాడుతుంది.

కూటం ముగిసినాక ఒక పెద్దామెతో మాట్లాడాము. ఆమెది నదికి అవతలి ఊరు. పెండ్లయి ఇటు వచ్చింది.

"మా ఇంటాయన తాగుడు మానిండయ్యా," అన్నది. "గిన్నెలు అమ్ముకునుడు తప్పింది. చిన్నోడు బడికి పోతుండు. ఇంతకన్న పెద్ద అద్భుతం నాకెందుకు?"

"మందులు మాని ప్రార్థనే చేస్తారంటారు గదా, అమ్మా?" అని అడిగాము.

"అట్ల చెప్పేటోళ్ళు ఉన్నరు. మా అయ్యగారు చెప్పడు. దవాఖానకు తీస్కపోయి, బయట కూసోని ప్రార్థన చేస్తడు."

ఆమె దాచకుండా చెప్పింది, అట్లా చెప్పేవారూ ఉన్నారని. ఈ కూటాలమీద న్యాయంగా చెప్పదగిన ఫిర్యాదు ఇదే. క్షయరోగి మందు నడుమ మానితే ప్రార్థించినవారికీ, ప్రార్థించనివారికీ రోగం ఒకే తీరున ముదురుతుంది. స్వస్థత పేరుతో మందు మాన్పించేవారినీ, కానుకల పేరుతో పేదల మూట విప్పించేవారినీ, ఇతరుల దేవుళ్ళను మైకులో తిట్టేవారినీ ఎవరూ సమర్థించలేరు. ఊరి పెద్దలకు మరొక బాధ ఉన్నది. రథం లాగేటప్పుడు వీరు రారనీ, ప్రసాదం పెడితే ముట్టరనీ అంటారు. ఆ నొప్పి నిజమైనదే. అయితే మన పల్లెల్లో జాతర ముందు డప్పు ఎవరు కొట్టాలి, గుడి ముంగిట ఎవరు ఎంత దూరాన నిలబడాలి అన్న లెక్కలు ఈ కూటాలకంటే పాతవి. ఆ లెక్కను మరచి ఈ బాధను మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు.

వాక్యం చెప్పిన అయ్యగారు వారం పొడుగునా కాంట్రాక్టు పని చేసుకునే మనిషి. ఏ పెద్ద సంఘానికీ చెందినవారు కారు. పేరు వ్రాయవద్దన్నారు. రాజకీయాల మాట ఎత్తగా నవ్వారు.

"ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీలవారూ వస్తారండీ. తల వంచి ప్రార్థన చేయించుకుంటారు. మైకు కొనిస్తామంటారు. నేను ఫలానా గుర్తుకు వేయండని చెప్తే మా ఇంట్లోనే వినరు!"

ఆయన మాట తేలికగా తీసివేయదగినది కాదు. సువార్త సభలకు లక్షల జనాన్ని రప్పించిన కె.ఎ.పాల్ 2008లో ప్రజాశాంతి పార్టీ పెట్టారు. 2022లో మునుగోడు ఉప ఎన్నికలో స్వయంగా నిలబడితే ఆయనకు వెయ్యి ఓట్లు కూడా రాలేదు. సభకు వచ్చిన చేయి వేరు, ఓటు వేసిన చేయి వేరు. క్రైస్తవ కుటుంబానికి చెందిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004లోనూ, ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి 2019లోనూ ముఖ్యమంత్రులైన మాట నిజమే. కాని అంత సంఖ్యలో ఓట్లు వేసినవారు అధికభాగం హిందువులే. 2024లో ఓడించినదీ ఆ ఓటర్లే.

కాబట్టి, ఈ మతం రాజకీయాలను ఎంత మార్చిందన్న ప్రశ్నకంటే, రాజకీయాలు ఈ విశ్వాసులను ఎంత మార్చాయన్న ప్రశ్న మాకు పెద్దదిగా తోచింది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లిములకు లేదు. క్రైస్తవులైన ఎస్సీలను ఆంధ్రలో బి.సి. 'సి' అని వేరుగా పెట్టి నూటికి ఒక వంతు ఇచ్చారు. కర్ణాటకలో వెనుకబడిన తరగతుల పట్టికలో చేర్చారు. మతం మారితే పిల్లవాని స్కాలర్షిప్పు, సీటు, రేపటి ఉద్యోగం, దౌర్జన్యం జరిగినప్పుడు రక్షించే చట్టం అన్నీ మారిపోతాయి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీల అత్యాచార నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. హోదా సంగతి పరిశీలించడానికి కేంద్రప్రభుత్వం 2022లో జస్టిసు బాలకృష్ణన్ కమిషను వేసింది.

ఫలితమేమంటే, ఏటిలో బాప్తిస్మం పొందిన మనిషి ఆఫీసు కాగితంలో హిందువుగానే ఉండిపోతాడు. ఇంట్లో ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. జనాభా లెక్కలు చూడండి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో నూటికి 4.19, 2011లో 1.34. ఆ నలభై ఏండ్లలో ప్రార్థనా మందిరాలు పెరిగినట్టు కంటికి కనబడుతూ ఉంటే, లెక్కలో మనుషులు తరిగారు! ఒక పక్షంవారు దీన్ని మోసమంటారు. మరొక పక్షంవారు గత్యంతరం లేదంటారు. నిజం చెప్పితే రొట్టెముక్క పోయే ఏర్పాటు చేసి, అబద్ధమాడుతున్నావని మనిషిని నిందించడం మాకు సమంజసంగా తోచలేదు.

దీనికి తోడు కర్ణాటకలో 2022లో మత స్వాతంత్ర్య హక్కు రక్షణ చట్టం వచ్చింది. మతం మారదలచినవారు ముప్పై రోజులు ముందుగా జిల్లా మెజిస్ట్రేటుకు తెలియజేయాలి. మార్చేవారూ తెలియజేయాలి. బలవంతంగాగాని, ఆశచూపిగాని మార్చితే మూడునుండి ఐదేండ్ల శిక్ష. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో పదేండ్లవరకు. 2023 జూన్‌లో తరువాతి ప్రభుత్వపు మంత్రివర్గం దీనిని రద్దు చేయాలని నిర్ణయించింది. ఏటికి అవతల తెలంగాణలో ఇటువంటి చట్టమే లేదు. ఒకే నది, ఒకే భాష, ఒకే ప్రార్థన, అయినా ఏ గట్టున మునిగారన్నదానిని బట్టి సంగతి మారుతుంది. 2025 సెప్టెంబరులో కర్ణాటకలో జరిగిన కులగణనలో కులం పేరు పక్కన "క్రైస్తవ" అని వ్రాసే వరసల మీద పెద్ద రభస లేచి, ఆ పేర్లను కనబడకుండా చేశారు. ఈ రేకుల షెడ్డులో కూర్చున్నవారు ఆ గొడవ పూర్తిగా విన్నారో లేదోగాని, గొడవ వారినిగురించినదే.

కడపట ఒక సంతోషకరమైన సంగతి. ఈ ప్రాంతపు పిల్లలు కన్నడ బడికి పోతారు. తెలుగు మాట్లాడతారుగాని చదవలేరు. మన కుటుంబాలలోనూ ఇదే తంతు; తాతకు తెలుగు అక్షరం వచ్చు, మనుమడికి రాదు. ఆ కూటంలో మాత్రం పన్నెండేండ్ల పిల్ల ఒకతె లేచి తెలుగు బైబిలులోనుండి ఒక అధ్యాయం తడబడకుండా చదివింది. ఎవరు నేర్పారమ్మా అంటే, "అవ్వ," అన్నది. ఆ అవ్వ ప్రతి సాయంత్రం ఒక్కో వచనం చదివించి అక్షరాలు నేర్పిందట. తెలుగు సంఘాలు తరగతులు పెట్టి, బహుమతులు ప్రకటించి చేయదలచిన పనిని ఒక పేద ముసలమ్మ కిరోసిను దీపం నాటినుండి చేస్తున్నది.

ఆమె సంఘపు సభ్యురాలు కాదు. ఉగాది పంచాంగ శ్రవణానికి రాకపోవచ్చు. కాని తెలుగు పోటీలలో పద్యపఠనంతోపాటు గద్యపఠనం కూడా ఉండి, ఏ పుస్తకమైనా చదవవచ్చునని ప్రకటిస్తే ఆ పిల్ల తప్పక వస్తుంది. కార్యవర్గంవారు ఈ మాట ఆలోచించాలని మా మనవి.

దేవసూగూరు పోదలచినవారికి రాయచూరు బస్టాండునుండి బస్సులు విరివిగా ఉన్నాయి. ఉదయమే పోతే ఎండ ముదరకముందే స్వామి దర్శనం, వంతెనమీదనుండి నది చూడడం రెండూ అవుతాయి. ఆదివారమైతే పాట వినబడిన వైపు నాలుగడుగులు వేయండి. చెప్పులు బయట విడిచి వెనుక కూర్చుంటే ఎవరూ మీ మతమేమిటని అడగరు. మమ్మల్ని అడగలేదు. టీ మాత్రం ఇచ్చారు.