కొండ కింద పడక

తిరుపతిలో రోడ్డు మీద పడుకోవడం తప్పు కాదు. మామూలు రోజుల్లోనే 60, 70 వేల మంది కొండెక్కే ఊరు ఇది. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం బయటా, బస్టాండు దగ్గర శ్రీనివాసం చుట్టూ కుటుంబాలకు కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని పడుకుంటాయి. పిల్లల్ని మధ్యలో వేసుకుని తల్లులు ఓ చివర ఒత్తిగిలి పడుకుంటారు. వాళ్లను యాత్రికులంటాం. అదే గచ్చు మీద ఒక స్త్రీ ఒంటరిగా, నాలుగో రాత్రి కూడా పడుకుని కనబడితే ఆమెకు మన దగ్గర వేరే పేర్లున్నాయి. బిచ్చగత్తె. పిచ్చిది. దొంగది. ఇంకో మాట కూడా ఉంది, అది నేను రాయను.

ఈ రెండు నిద్రల మధ్యా నాకు కనబడిన తేడా ఒక్కటే, సామాను. యాత్రికురాలికి జిప్పున్న బ్యాగు ఉంటుంది. ఈమెకు మూట ఉంటుంది.

లీలామహల్ సెంటరుకు దగ్గర్లో నేను ఉండబట్టి ఆరేళ్లయింది. (పెళ్లి కాని ముప్ఫై ఆరేళ్ల స్త్రీకి, పేరు ముందు 'డాక్టర్' పెట్టుకుని జ్వరానికి మందు కూడా చెప్పలేనిదానికి, ఈ ఊళ్లో అద్దె ఇల్లు దొరకడం గురించి వేరే వ్యాసమే రాయొచ్చు.) సాయంత్రం నేను టీ తాగే బండి ఒకటుంది. దాన్ని నడిపే అక్క నాకంటే చాలా ముందు నుంచీ అక్కడే ఉంది. 2016లో తిరుపతి స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. తర్వాత వంతెన పని మొదలైంది. గరుడ వారధి అన్నారు, ఆ పైన శ్రీనివాస సేతు అన్నారు, 2023 సెప్టెంబరులో ప్రారంభోత్సవం చేశారు. ఇప్పుడు కార్లు ఎక్కడా ఆగకుండా కొండవైపు పోతున్నాయి. మంచిదే. ఆ పని సాగినన్నాళ్లూ కింద బేరాలు మాత్రం రేకుల వెనక పడిపోయాయి. మధ్యలో 2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆగాయి, మళ్లీ జూన్‌లో గానీ మొదలవలేదు. యాత్రికులు లేని తిరుపతిలో టీ ఎవరు తాగుతారు? ఆ నెలల్లో అక్క స్టవ్వు అమ్ముకుంది. ఆ ఏడాదే వచ్చిన స్వనిధి పథకంలో 10 వేలు అప్పు దొరికింది.

"ఆ పదివేలు యాడికి పొయ్యిందంటావు పాపా? వడ్డీవోడి చేతికే పాయె. పొద్దన్నే తొమ్మిదొందలిస్తాడు, దీపాలు పెట్టే యాళకి వెయ్యి ఇయ్యాల."

నిరుడు ఆమె డబ్బుల డబ్బా పోయింది. ఎత్తుకుపోయినవాడు వంతెన కింద పడుకునే కుర్రాడే. అప్పట్నుంచీ తెల్లవారుజామున బండి చుట్టూ బకెట్టుతో నీళ్లు గుమ్మరిస్తుంది, ఎవరూ పడుకోకుండా. నాకది నచ్చదు. కానీ చుట్టుపక్కల అంగళ్లవాళ్ల ఫిర్యాదులో నిజం లేదని కూడా అనలేను. తాగి పడిపోయిన మగవాళ్లను దాటుకుని ఆడవాళ్లు బేరానికి రారు. బాధంతా ఏమిటంటే, పెద్దవాళ్లెవరో దర్శనానికి వస్తున్నారంటే ముందురోజు బండినీ, పడుకున్నవాళ్లనూ ఒకే చీపురుతో ఊడ్చేస్తారు. ఆ పూట అక్కా, ఆ కుర్రాడూ ఒకటే. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే ముగిసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదంటుంది. కమిటీలో నూటికి 40 మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు స్త్రీలు. అక్కకు నేను చెబితే విని నవ్వింది. పడుకునేవాళ్లకు మాత్రం 1977 నాటి బిచ్చాటన నిరోధక చట్టం ఉంది, అడుక్కోవడమే నేరం. ఢిల్లీలో ఇలాంటి చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను అక్కడి హైకోర్టు 2018లో కొట్టేసింది. అది ఢిల్లీకే.

అక్క నీళ్లు పొయ్యని చోటు ఒకటుంది. మూసేసిన ఒక అంగడి మెట్ల మీద పెద్దామె పడుకుంటుంది. పలమనేరు పక్క పల్లె. కొడుకు దర్శనానికని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాడు. "టిక్కెట్టుకు పొయ్యినాడు" అంటుంది. పోయి పదకొండు నెలలు. వదిలేశాడన్న మాట ఆమె నోట రాదు, మేమూ అనం. షెల్టరుకు పోదామంటే ఒప్పుకోదు. "అబ్బోడొస్తే నన్ను యాడని ఎతుకుతాడు?"

తరిగొండ వెంగమాంబను నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. బాల్యంలోనే భర్త పోయిన స్త్రీ, ఆ ఆచారాలకు లొంగనని ఊరు విడిచి కొండకు చేరిన కవయిత్రి. 2011 నుంచి తిరుమలలో యాత్రికులు అన్నం తినే భవనానికి ఆమె పేరే ఉంది. కొండకు చేరిన మొదటి రాత్రి ఆమె ఎవరి అరుగు మీద పడుకుందో, ఎవరు లేపారో, ఏమని పిలిచారో నేను చదువుకున్న సాహిత్య చరిత్రల్లో లేదు. ఇన్నేళ్లూ ఆ ప్రశ్న నాకు తట్టనూ లేదు. పెద్దామెను చూశాకే తట్టింది.

ఈమధ్య ఎవరో యాత్రికులు చక్రం ఊడిన సూట్‌కేసు బండి దగ్గర వదిలేసి పోయారు. అక్క దాన్ని కడిగి, పెద్దామె మూట విప్పి అందులో సర్దింది. రాత్రి తలకింద అదే. మూడు వారాలుగా గస్తీవాళ్లు ఆమెను లేపలేదు.

వితంతు పింఛను ఇప్పుడు నెలకు 4 వేలు. పెద్దామెకు వస్తే సగం కష్టం తీరుతుందని అక్క లెక్క. ఆమె దగ్గరున్న కార్డు చిత్తూరు జిల్లాది. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక ఆమె పడుకునే మెట్లు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కార్డు మార్చాలంటే ఇక్కడ ఒక ఇంటి నంబరు కావాలి. మొన్న అర్జీ రాస్తూ చిరునామా దగ్గర ఆగి అక్క మొహం చూశాను.

"నాదిస్తే మా ఓనరు ఊరుకోడు పాపా. ఇప్పుటికే రెండు నెల్ల బాడిగ నిలబడిండాది. నీదియ్యి."

మా ఓనరమ్మ నాకు ఇల్లిచ్చినప్పుడు పెట్టిన మొదటి షరతు, ఎవర్నీ తీసుకురాకూడదని. ఆదివారం ఆవిడ ఇంట్లో ఉంటారు. అర్జీ నా బ్యాగులోనే ఉంది.