రెండంకెలు తారుమారైన బండి

మా కారు దొంగబండి కాదు. 2013లో బ్యాంకు లోను పెట్టి, షోరూంలో కొత్తదే కొన్నాం. లోను తీరింది. ఆర్సీ మీద హైపోతికేషన్ కూడా తీయించుకున్నాం. ఏటా ఇన్సూరెన్స్ కట్టాం. అయినా పోయిన వేసవంతా ఆ ఒక్క మాట ఎదుటివాళ్లకు రుజువు చేసుకుంటూ తిరగాల్సి వచ్చింది. ఇలాంటిది ఎవరికైనా ఎదురుకావచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను సర్కారు హైస్కూల్లో టీచర్ని. ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఉంటాం. మావారు మస్కట్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, అత్తమ్మ, కాలేజీ చదివే మా అమ్మాయి. అత్తమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మా చిన్న కారు సీటు కిందికి ఉంటుంది. డయాలసిస్ అయ్యాక అందులో కూర్చోవాలన్నా లేవాలన్నా ఆమె ప్రాణానికి వచ్చేది. కొంచెం ఎత్తున్న బండి తీసుకుందాం, పాతది ఎక్స్చేంజీలో ఇచ్చేద్దాం అనుకున్నాం. పాతదానికి వచ్చే డబ్బే కొత్తదానికి డౌన్‌పేమెంటు. లోను మంజూరైంది. షోరూంలో అడ్వాన్సు కట్టాం.

ఏప్రిల్ ఆఖరున, ఒక శనివారం, ఆ షోరూంలో పాత బండికి ధర కట్టే అబ్బాయి దగ్గరికి కారు తీసుకెళ్లాను. టైర్లు చూశాడు, పెయింటు చూశాడు. బానెట్ ఎత్తి, ఇంజన్ వెనక రేకు మీద కొట్టిన చాసిస్ నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. ఆ ప్రింటును ఆర్సీ పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మేడం, నంబరు కలుస్తలేదు" అన్నాడు.

చాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి పదిహేడు ఉంటాయి. చివరి అంకెలు ఒక్కో బండికి వేరుగా ఇచ్చే వరస సంఖ్య. రేకు మీద 69 ఉన్నచోట మా ఆర్సీలో 96 ఉంది. మిగతాదంతా ఒకటే. ఒకటి, సున్నాలతో పొరబడతారని ఈ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలే వాడరట. నంబరు ఇచ్చేవాళ్లకు అంత జాగ్రత్త ఉంది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లకు లేకపోయింది.

మేనేజరు వచ్చాడు. ఎక్కడ కొన్నారు, మధ్యలో చేతులు మారిందా, పెద్ద యాక్సిడెంటేమైనా అయిందా అని అడిగాడు. గొంతు మర్యాదగానే ఉంది. కానీ పక్క టేబుల్ దగ్గర మా స్కూలు పిల్లవాడి తండ్రి కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. తల వంచుకుని బయటికి వచ్చాను. నేను ఏ తప్పూ చేయలేదు. అయినా తల ఎత్తలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 96 నంబరు బండి నిజంగా ఎక్కడో ఉండే ఉంటుంది. అదే ఫ్యాక్టరీలో, మా బండికి కొంచెం అటూఇటూగా తయారై ఉంటుంది. అది ఏదైనా కేసులో ఉంటే పోలీసులు ఎవరి తలుపు తడతారు? ఇదే తిరుగుతూ ఉంది మనసులో. మావారికి ఫోన్ చేస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేను అక్కడ ఉండాల్సింది" అన్నారు చివరికి.

సోమవారం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఆయన కంప్యూటర్ చూసి, "ఆర్సీలో ఏముందో రికార్డులో అదే ఉంది. ఆర్సీ కరెక్టే. బండిలోనే తేడా ఉంది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పదేళ్లకు పైగా మా ఇంటి ముందు నిలబడ్డ బండి తప్పట. ఎవరో కొట్టిన రెండంకెలు ఒప్పట.

గేటు బయట ఒక ఏజెంటు వెంటపడ్డాడు. "కాగితం దిద్దాలంటే నెలలు పడతది టీచరమ్మా. రేకు మీద నంబరే దిద్దిస్తే ఒక్కపూటల పని" అన్నాడు. వద్దన్నాను. కానీ ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. రాత్రి ఒక క్షణం, అదే నయమేమో అనిపించింది. భయం మనిషిని ఎంతదాకా తీసుకెళ్తుందో అప్పుడు తెలిసింది. రేకు మీద నంబరు చెరిపి కొట్టడం నేరం. ఆ పని చేస్తే అప్పటిదాకా ఉన్న అబద్ధం నిజమైపోయేది.

మర్నాడు ఇన్సూరెన్స్ అతన్ని అడిగాను. పాలసీలో నంబరు ఆర్సీ చూసి ఎక్కించిందే. అంటే అక్కడా 96. ఇప్పుడేదైనా జరిగితే క్లెయిము దగ్గర పేచీ పెట్టొచ్చన్నాడు. ఆ రోజు నుంచి బండి బయటికి తీయలేదు. డయాలసిస్‌కు మా గల్లీలో ఆటో నడిపే తమ్ముడు తీసుకెళ్లేవాడు. అత్తమ్మను రెండు చేతులా పట్టుకుని దింపి, అయిపోయేదాకా ఆస్పత్రి బయటే ఉండేవాడు. వేరే కిరాయిలు వదులుకుని ఉన్నాడని తర్వాత తెలిసింది. వెయిటింగుకు డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

మే మొదట్లో మా స్కూల్లో ఇంగ్లిషు సారు ఒక దారి చెప్పారు. బండి అమ్మినప్పుడు షోరూం ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21, దొరికితే అసలు నంబరు ఏదో తేలిపోతుందన్నారు. మా దగ్గర ఉన్న కాపీ మీద అక్షరాలు పూర్తిగా వెలిసిపోయాయి. అమ్మిన షోరూం మూతపడి చాలాకాలమైంది. మిగిలింది లోను ఇచ్చిన బ్యాంకు. అక్కడ క్లర్కుగా ఉన్న ఒక అమ్మాయి, "క్లోజైన ఫైళ్లు పైన గదిలో ఉంటాయి మేడం, ఉందో లేదో చెప్పలేను" అంటూనే భోజనం టైములో పైకి వెళ్లి వెతికింది. మూడో రోజు ఫోన్ చేసింది. ఫైలు దొరికింది. అందులో ఇన్వాయిసు, ఫారం 21, టెంపరరీ రిజిస్ట్రేషన్ కాగితం ఉన్నాయి. మూడింటిలోనూ 69. అంటే తప్పు పర్మనెంట్ రిజిస్ట్రేషన్ దగ్గర పడింది. ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఆ అమ్మాయి ముందే ఏడ్చాను. ఆమె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి చేసింది తన డ్యూటీలో లేని పని. జన్మలో మరచిపోను.

కాగితాలన్నీ పెట్టి అర్జీ ఇచ్చాను. బండి మీద కేసులేమీ లేవని పోలీసుల నుంచి రాయించుకు రమ్మన్నారు. నేను అంతకు ముందెప్పుడూ స్టేషన్ మెట్లెక్కలేదు. ఇంగ్లిషు సారు, వాళ్ల భార్య తోడొచ్చారు. కానిస్టేబుల్ రెండు నంబర్లూ రాసుకుని లోపలికి వెళ్లాడు. ఈ వ్యవహారం మొత్తంలో నేను ఎక్కువ వణికింది ఆ బెంచీ మీదే. 96 గురించి ఏం చెప్తాడోనని. బయటికి వచ్చి, "రెండింటి మీదా ఏం లేదమ్మా" అన్నాడు. సారు వాళ్ల భార్య నా చెయ్యి అప్పటిదాకా పట్టుకునే ఉంది.

తర్వాత స్లాటు బుక్ చేసుకుని బండిని తనిఖీకి తీసుకెళ్లాం. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు తనే వంగి పెన్సిల్ ప్రింటు తీశారు. నంబరు చుట్టూ గీకిన గుర్తులు, వెల్డింగు ఉన్నాయేమో టార్చి వేసి చూశారు. ఇంజన్ నంబరు కూడా సరిచూశారు. అది మొదటి నుంచీ సరిగానే ఉంది. "ఇది టైపింగు తప్పమ్మా, మీది కాదు" అన్నారు. ఆ మాట ఒక అధికారి నోట వినడం నాకు అదే మొదటిసారి. పెద్ద సాయం కాకపోవచ్చు, కానీ ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

ఫైలు పై అధికారి దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. మే అయిపోయింది. బడులు తెరిచారు. ఎప్పుడడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అనేవారు. షోరూం వాళ్లు బుకింగు ఇక ఆపలేమన్నారు. జూన్‌లో ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ పెట్టాను. నేనూ ప్రభుత్వ ఉద్యోగినే. ఆ క్యూలో నిలబడాలంటే మొదట మొహమాటపడ్డాను. ముందు పింఛను కోసం వచ్చిన ముసలమ్మ, వెనక పాసుబుక్కులో విస్తీర్ణం తప్పుపడ్డ రైతు. మా ముగ్గురిదీ ఒకటే బాధ. ఆ తర్వాతి వారంలో రికార్డు సరిచేశారు. ఆలస్యానికి కారణం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగే ఓపిక లేదు.

కొత్త ఆర్సీ కార్డు చూపించి ఇన్సూరెన్స్ పాలసీలో నంబరు మార్పించాం. దానికి ఎండార్స్‌మెంట్ ఇస్తారు. జూలైలో మళ్లీ షోరూంకు వెళ్లాం. పాత బండి ధర మొదట చెప్పినదానికంటే తగ్గించారు. ముందున్న ఆఫరు కూడా పోయింది. ఒప్పుకున్నాం. అత్తమ్మకు బండి కావాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడ్డాను. బండి పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వమన్నారు. అన్నీ నింపి, చాసిస్ నంబరు చదివి వినిపించాకే పెట్టాను. బండి అప్పగించిన తేదీ, టైము రాయించి కాపీ తీసుకున్నాను. బండి అమ్మేసినా రికార్డులో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మారిందని ఆన్‌లైన్‌లో చూసుకునేదాకా నాకు స్థిమితం లేదు.

ఇప్పటికీ ఆర్టీఏ పేరుతో మెసేజి వస్తే ముందు గుండె దడదడలాడుతుంది. తగ్గుతుందేమో చూడాలి.

మీ బండి అమ్మే ఆలోచన లేకపోయినా, ఒక ఆదివారం పగటిపూట చాసిస్ నంబరు ఎక్కడ కొట్టి ఉందో వెతకండి. రేకు మీద నంబరు మీరు ఒక్కొక్కటిగా పైకి చదవండి. ఇంట్లో ఇంకొకరు ఆర్సీ పట్టుకుని సరిచూడాలి. ఇంజన్ నంబరూ అలాగే. తేడా కనబడితే అమ్మే రోజుదాకా ఆగకండి. ఫారం 21, ఇన్వాయిసు కాపీలు పోయి ఉంటే, లోను ఇచ్చిన బ్యాంకును ఇప్పుడే అడిగి తెచ్చుకోండి.