సిలబస్ కన్నా ముందు రోస్టర్

మా అమ్మాయికి మూడున్నరేళ్ళు. మా అపార్ట్‌మెంట్లో దాని ఈడు పిల్లలంతా ఈ జూన్ లో టై కట్టుకుని నర్సరీ వ్యాన్ ఎక్కేశారు. మేం మాత్రం ఆరేళ్ళు వచ్చేదాకా ఇంట్లోనే నేర్పుదామని నిర్ణయించుకున్నాం. అప్పట్నుంచి ఆఫీసు కాంటీన్లో నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండే రెండు. "ఏ సిలబస్ ఫాలో అవుతున్నారు?", "లీగల్ గా ఓకేనా?" అసలు అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది, అది మాత్రం ఎవరూ అడగరు. "ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?"

ముందు ఆ లీగల్ సంగతి తేల్చేద్దాం. 2009 విద్యాహక్కు చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. ఆరేళ్ళ లోపు పిల్లల్ని బడికి పంపించి తీరాలని అందులో లేదు. ఒకటో తరగతిలో చేరడానికి ఆరేళ్ళు నిండాలన్నది 2020 జాతీయ విద్యా విధానం లెక్క. 2023 ఫిబ్రవరిలో కేంద్రం ఇదే మాట రాష్ట్రాలకి మళ్ళీ గుర్తు చేసింది. మీ బడి రూలేంటో మాత్రం ముందే కనుక్కోండి. ఆరు దాటాక కూడా ఇంట్లోనే అంటే కథ వేరు. ఆ చట్టం హోమ్ స్కూలింగ్ గురించి విడిగా ఏమీ చెప్పలేదు, అవుననీ లేదు కాదనీ లేదు. కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్ లో 3, 5, 8 తరగతులకి సమానమైన కోర్సులున్నాయి, పదో తరగతిలో చేరాలంటే 14 ఏళ్ళు నిండాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, కాకపోతే రాష్ట్రానికో రూలు. జర్మనీకి ఆన్‌సైట్ వెళ్ళేవాళ్ళు మాత్రం ఈ ఆలోచన ఇక్కడే వదిలెయ్యాలి, అక్కడ బడి వయసు వస్తే పంపించి తీరాల్సిందే.

సరే, ఇప్పుడు ఎవరూ అడగని ప్రశ్నకొద్దాం.

మూడేళ్ళ పిల్లకి కూర్చోబెట్టి నేర్పడానికి రోజుకి గంట చాలు, నిజానికి అది కూడా ఎక్కువే. కానీ ఆ గంటకి అటూ ఇటూ ఇంకో పది పదకొండు గంటలుంటాయి. స్నానం, తిండి, పేచీ, "ఇదేంటి" అని వంద ప్రశ్నలు. అంతసేపూ ఎవరో ఒకరు ఓపిగ్గా పక్కన ఉండాలి. నర్సరీ అంటే సగం చదువు, సగం డే కేర్. ఇంట్లోనే నేర్పుతాం అనగానే ఆ చదువు సగం నాన్నగారు ఎక్సెల్ షీట్లో రంగులేసి రాసుకుంటారు. డే కేర్ సగం ఎవరూ రాసుకోరు. అది వెళ్ళి అమ్మ మీదో నానమ్మ మీదో పడుతుంది.

నేను ఈ ఐడియా ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "బాగానే ఉంది. నన్ను ఉద్యోగం మానమంటావా?" తను టెస్టింగ్ లో ఉంది, ఐదు రోజులూ ఆఫీసుకి వెళ్ళాలి. అడిగింది కోపంతో కాదు, తన ఫ్రెండ్స్ లో ఇద్దరి విషయంలో అలాగే జరిగింది కాబట్టి. మా అమ్మ అయితే వెంటనే, "ఒరేయ్, నేనున్నానుగా, దాన్ని చూసుకోడానికి నాకేం కష్టం" అంది.

ఇదిగో, మనం జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అమ్మకి 58 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. తెనాల్లో సొంత ఇల్లుంది, సాయంత్రం అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే స్నేహితులున్నారు. ఇక్కడ తొమ్మిదో అంతస్తులో తనకి తెలిసినవాళ్ళు లిఫ్ట్ దగ్గర పలకరించే నలుగురు. "నేనున్నానుగా" అన్న మాటని పట్టుకుని ఆవిణ్ణి నూటికి నూరుపాళ్ళు అలొకేట్ చేసేసుకోవడం చాలా తేలిక. జీతం అడగదు, లీవు అడగదు, అప్రైజల్ అసలే అడగదు. ప్రాజెక్టులో ఒక్క మనిషి మీదే అన్నీ ఆధారపడితే మనం రిస్క్ అని స్లైడ్ వేసి మరీ చెప్తాం. ఇంట్లో మాత్రం దానికి ప్రేమ అని పేరు పెట్టేస్తాం.

అందుకని సిలబస్ జోలికి పోకుండా ముందు ముగ్గురం కూర్చుని రోస్టర్ రాశాం. నా షిఫ్ట్ మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10. కాబట్టి పొద్దున్న 7:30 నుంచి 12 దాకా పిల్ల పూర్తిగా నాది. తలస్నానం, టిఫిను, పాఠం, అన్నం అన్నీ. 12 నుంచి 5:30 దాకా నానమ్మ, అందులో రెండు గంటలు పిల్ల నిద్రపోతుంది. నేను ఇంటి నుంచి పనిచేసే మూడు రోజులూ నాలుగింటికి అరగంట నేను తీసుకుంటాను. 5:30కి తను వచ్చాక వాళ్ళిద్దరి టైము. ఆదివారం అమ్మకి పూర్తి సెలవు. మూడు నెలలకోసారి రెండు వారాలు తెనాలి వెళ్తుంది, ఆ రెండు వారాలకి మేమిద్దరం చెరో ఐదు లీవులు పక్కన పెట్టుకున్నాం.

దీనికి ఖర్చు లేకపోలేదు. పొద్దున్న తొమ్మిదింటి కాల్స్ ఉండే లీడ్ రోల్ ఒకటి వస్తే వద్దన్నాను. దాంతో వచ్చే పెంపు నర్సరీ ఫీజు కన్నా ఎక్కువే. కాబట్టి "ఇంట్లో నేర్పితే డబ్బు మిగులుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి :)

ఇక ఆ గంటలో ఏం చేస్తామంటే..

తెలుగు. గోడకి తగిలించే చార్టుల్లో ఋషి, ఐరావతం, ఔషధం ఉంటాయి. మూడేళ్ళ పిల్ల ఈ మూడింట్లో దేన్ని చూసి ఉంటుంది? మేం 56 అక్షరాల వరస పక్కన పెట్టి ఏడింటితో మొదలుపెట్టాం. ల, వ, త, ప, క, డ, గ. దీర్ఘాల్లేవు, ఒత్తుల్లేవు. వీటితోనే వల, తల, కల, పలక, పడవ, గడప వచ్చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా వడ వస్తుంది. పెన్సిలు ఇంకా ఇవ్వలేదు. పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో గీస్తుంది. ఇప్పటికి నాలుగు అక్షరాలు గుర్తుపడుతుంది. తొందరేం లేదు.

లెక్కలు. వందదాకా గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఎదురుగా ఏడు చింతపిక్కలు పెడితే ఒకటి వదిలేసి ఇంకోదాన్ని రెండుసార్లు లెక్కపెడతారు. అప్పజెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. రెండోది భోజనాల దగ్గర బాగా వస్తుంది. "నలుగురం ఉన్నాం, నాలుగు కంచాలు పెట్టు" అంటే చాలు. అష్టాచెమ్మా ఇంకా మంచిది. నాలుగు గవ్వలు వేసి ఎన్ని పడ్డాయో చూడాలి, అన్ని గళ్ళు నడవాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం నేర్పడానికి ఏ వర్క్‌షీటూ లేదు.

చేతులు. బఠాణీలు వొలవడం, చపాతీ పిండి పిసకడం, తీగ మీద బట్టలకి క్లిప్పులు పెట్టడం. వేళ్ళకి బలం వస్తే పెన్సిలు పట్టుకోవడం తర్వాత తేలికవుతుంది. ఇది నానమ్మ డిపార్ట్‌మెంటు, నేను వేలు పెట్టను.

పుస్తకాలు. మంచి పుస్తకం వాళ్ళవి, తూలిక వాళ్ళ తెలుగు-ఇంగ్లీషు బొమ్మల కథలు కొన్ని కొన్నాం. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి కుట్టుకోవచ్చు. ఫోన్లో చూపించం. మూడు నాలుగేళ్ళ పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట మించకూడదని, ఆటపాటలు 3 గంటలైనా ఉండాలని, నిద్ర 10 నుంచి 13 గంటలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ మూడు అంకెలే మా ఫ్రిజ్ మీద ఉన్న సిలబస్.

ఇవన్నీ మా పైత్యం కాదండోయ్. 2022 అక్టోబర్లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ళని ఒకే దశగా చూసి, ఆటతోనే నేర్పాలని, ఎనిమిదేళ్ళ దాకా ఇంటి భాషలోనే చెప్పాలని అంటోంది. మేం చూడ్డానికి వెళ్ళిన ఒక బడిలో మాత్రం నర్సరీకే రోజూ రెండు పేజీల రాత హోంవర్కు ఉంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ పద్ధతిలో లోటు లేదా అంటే ఉంది. తోటిపిల్లలు. సాయంత్రం పార్కులో గంటన్నర ఆడుతుంది, శనివారం పొద్దున్న ఇంకో రెండిళ్ళ పిల్లలు మా హాల్లో చేరతారు. అయినా పొద్దున్న 8:40కి వ్యాన్ హారన్ వినబడితే బాల్కనీలోకి పరిగెడుతుంది. "నాన్నా, నేనెప్పుడు ఎక్కుతా?" అని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబుంది గానీ, అది మూడున్నరేళ్ళ పిల్లకి సరిపోయే జవాబు కాదు.

అందుకే రోస్టర్ కింద మూడు షరతులు కూడా రాసుకున్నాం. అమ్మ ఆరోగ్యం సహకరించకపోయినా, మా ఇద్దరిలో ఎవరి ఉద్యోగానికి ఇబ్బందొచ్చినా, పిల్ల బడికెళ్తానని నెల పాటు రోజూ అడిగినా సరే, పట్టుదలకి పోకుండా దగ్గర్లోని చిన్న బడిలో చేర్చేస్తాం. ఏ రిలీజుకైనా వెనక్కి తీసుకునే దారి ఉండాలి కదా. పిల్ల విషయంలో అది ఇంకా ముఖ్యం.

మీలో ఎవరైనా మొదలెడదాం అనుకుంటుంటే, పుస్తకాలు కొనకముందు ఒక కాగితం తీసుకోండి. పొద్దున్న 7 నుంచి రాత్రి 8 దాకా అరగంటకో గడి గీసి, ఒక్కో గడిలో ఒక్కో పేరు రాయండి. మొత్తం 26 గళ్ళు. ఒకే పేరు 13 కన్నా ఎక్కువ గళ్ళలో వస్తే, ముఖ్యంగా ఆ పేరు మీది కాకపోతే, ఆ కాగితం ఆ మనిషికి చూపించి ఒప్పుకుంటారేమో అడగండి. మా అమ్మకి చూపించినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "శుక్రవారం సాయంత్రం గుడికెళ్ళాలి, అది కూడా రాయి" అంది. రాశాం.