రిపోర్టులోని తెలియని మాటలు



గత నెలలో ఒకరోజు తెల్లవారుజామున మా అమ్మగారు మంచం మీద కుడివైపుకు ఒత్తిగిలగానే ఇల్లంతా గిర్రున తిరిగిపోతోందని కేక వేశారు. రెండు వాంతులయ్యాయి. కదలకుండా ఉంటే నిమిషంలోపు తగ్గేది, తల తిప్పితే మళ్ళీ మొదలయ్యేది. ఆమెకు 70 ఏళ్ళు, బీపీ ఉంది. అందుకని వెంటనే పట్నం తీసుకెళ్ళాము. మెదడుకు ఎమ్మారై తీశారు.

సాయంత్రానికి రిపోర్టు చేతికి వచ్చింది. పెద్ద డాక్టరుగారు మాత్రం మర్నాడు గాని రారు. ఆ రాత్రి అన్నదమ్ములం ముగ్గురం ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాము. ఇంటర్ చదివే మా అబ్బాయి ఫోనులో అర్థాలు వెతికాడు. అట్రోఫీ అంటే కుంచించుకుపోవడం అట. ఇస్కీమిక్ అంటే రక్తం చాలకపోవడం అట. ఇక ఎవరికీ ముద్ద దిగలేదు. అమ్మకు పక్షవాతం వస్తుందా, మమ్మల్ని గుర్తుపట్టకుండా పోతారా అని మా భారము. మోకరించి ప్రార్థించి తెల్లవారేదాకా కూర్చున్నాము.

మర్నాడు డాక్టరుగారు ఓపికగా చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాము.

ఆయన ముందుగా రిపోర్టు చివర ఇంప్రెషన్ అనే భాగం చూపించారు. కొత్తగా రక్తం అందక దెబ్బతిన్న చోటు లేదు, రక్తస్రావం లేదు, గడ్డ లేదు అని అక్కడ ఉంది. స్కానింగ్ రిపోర్టులో మంచి వార్త తరచుగా ఈ 'లేదు' అనే మాటల్లోనే ఉంటుందని అప్పుడు తెలిసింది.

వయసుతో జుట్టు నెరిసినట్టే మెదడు కూడా కొద్దిగా తగ్గుతుందట. వయసుకు తగిన అట్రోఫీ అని రాస్తే అదే. ఆ ఒక్క మాటతో మతిమరుపు జబ్బు ఉన్నట్టు కాదు. రెండో మాట, సన్నని రక్తనాళాలు ఏళ్ళ తరబడి దెబ్బతినగా మిగిలిన చిన్న తెల్ల మచ్చల గురించి. పెద్ద వయసువారిలో, ముఖ్యంగా బీపీ ఉన్నవారిలో, ఇవి చాలామందికి కనబడతాయి. అమ్మగారి తల తిరుగుడుకు కారణం అవి కావు. కాని బీపీ మాత్ర మానవద్దనే హెచ్చరిక మాత్రం వాటిలో ఉంది. ఒంట్లో బాగుందని మాత్ర పక్కన పెట్టే అలవాటున్న అమ్మగారు ఈ మాట తలవంచుకుని విన్నారు.

మరి తల ఎందుకు తిరిగింది? లోపలి చెవిలో సున్నపు రేణువులు కొన్ని ఉంటాయి. అవి తమ చోటు నుండి జారి పక్కనున్న సన్నని గొట్టాల్లో పడితే, తల కదిలినప్పుడల్లా లోకం తిరిగినట్టు ఉంటుంది. ఆ రేణువులు మెదడు స్కానింగులో కనబడవు. డాక్టరుగారు అమ్మగారి తల ఒక పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్ళు చూశారు. కనుగుడ్లు కొట్టుకున్నాయి. జబ్బు అక్కడ తెలిసింది. తరువాత ఎప్లీ పద్ధతి అని, తలను ఒక వరుసలో మెల్లగా తిప్పి రేణువులను వాటి చోటికి పంపారు. కొద్ది నిమిషాల పని. వారం తరువాత ఇంకొకసారి చేశారు. దేవుని కృపవలన ఇప్పుడు తిరుగుడు లేదు.

ఒక జాగ్రత్త. తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, మూతి వంకరపోయినా, చేయి కాలు పట్టు తప్పినా, నిలబడలేకపోయినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోను చేయండి. చిన్న పక్షవాతం మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎమ్మారైలో కూడా ఒక్కోసారి దొరకదు. అందుకే కాగితం ఒక్కటే చాలదు, మనిషిని చూసిన డాక్టరు మాట కూడా కావాలి.

ప్రియులారా, సువార్త రాసిన లూకా వైద్యుడే. ప్రార్థించే నోటితోనే డాక్టరును అడగడానికి మనకు సిగ్గెందుకు? ఈ మూడు అడగండి: ఇందులో కొత్తగా వచ్చింది ఏమిటి? వయసుతో వచ్చింది ఏమిటి? మేము ఇంటి దగ్గర చేయవలసింది ఏమిటి? తెలియని మాట పెంచిన భయం తెలిసిన మాటతో చాలామట్టుకు తగ్గుతుంది. రిపోర్టు పట్టుకుని ఎదురుచూస్తున్న ప్రతి కుటుంబానికి ప్రభువు సమాధానము దయచేయును గాక. ఆమేన్.