మెంతుల వాసన వేసే బీరు

గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకోగానే ముందుగా తగిలేది మెంతుల వాసన. మాడిన మెంతులు కావు. దోరగా వేయించి పొడి కొట్టి పెట్టిన మెంతికాయ జాడీకి ఆర్నెల్ల తరువాత మూత తీస్తే వచ్చే వాసన. దాని వెనకే తాటి బెల్లం, ఎండు ఖర్జూరం, నల్లబడ్డ పాత చింతపండు. బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో, పాత సీసాలు భద్రపరిచి పోసే కుల్మినాటోర్ అనే పానశాలలో, పదేళ్ళు దాటిన ఒక ముదురు రంగు బీరు గురించి చెబుతున్నాను. బ్రూసెల్స్, గెంట్, బ్రూజ్‌లలో నాలుగు రోజులు గడిచాయి. చర్చిలు, కాలవలు, చిత్రాలు అన్నీ చూశాను, బాగున్నాయి. రాయాలనిపించింది మాత్రం ఈ గ్లాసు గురించి, దీన్ని అర్థం చేసుకోవడానికి అంతకు ముందు వెళ్ళిన పడమటి పల్లెల గురించి.

మెంతులకు ఆ వాసననిచ్చే పదార్థం పేరు సోటోలాన్. ఏళ్ళ తరబడి పీపాల్లో మాగిన షెర్రీ, మదీరా వైన్లలోనూ, ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు పసుపు వైన్‌లోనూ ఉండేది అదే. వైన్ తాగేవాళ్ళు దాని కోసం ఎక్కువ డబ్బు పెడతారు. బీరు రసాయనం చదివిన పరిశోధకులు మాత్రం పాత బీరులో కనబడిన ఇదే సోటోలాన్‌ను దోషాల పద్దులో రాశారు. ఒకే పదార్థం ఒకచోట గుణం, మరొకచోట దోషం ఎలా అవుతుంది? పాత బీరు రుచి గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది ఈ ప్రశ్న దగ్గర ఆగరు. సీసా వయసు చెబుతారు, సంపాదించడం ఎంత కష్టమో చెబుతారు, నూటికి ఇన్ని మార్కులని వేసేస్తారు. ఆ మార్కులకు అర్థం లేదని నా వాదన. కాలం ఒక బీరుకు మేలు చేసిందో కీడు చేసిందో తెలియాలంటే, అదే బీరు కొత్త సీసా పక్కన ఉండాలి. అది లేకుండా రాసిన సమీక్ష సీసా మీది సంవత్సరానికి రాసిన సమీక్షే. పాత బియ్యానికి మనవాళ్ళు ఎక్కువ ధర ఎందుకు ఇస్తారు? మెతుకు మెతుక్కీ అంటకుండా ఉడుకుతుంది కాబట్టి. ఆ మాట అనగలిగింది కూడా కొత్త బియ్యం వండి, ముద్దయిన అన్నం తిన్న అనుభవం ప్రతి ఇంట్లోనూ ఉంది కాబట్టే.

బీరుకు కాలం శత్రువనే మాట చాలా బీర్ల విషయంలో నిజం. ఎండాకాలం తాగే లేత బంగారు రంగు లాగర్‌ను ఏడాది పాటు అలమరలో ఉంచి తాగితే తడిసిన అట్టముక్క నమిలినట్టు ఉంటుంది. ఆ రుచికి కారణంగా చెప్పే ట్రాన్స్-2-నోనెనాల్ లీటరు బీరులో గ్రాములో కోటోవంతు ఉన్నా నాలుక పసిగడుతుంది. హాప్ పూల పరిమళం మీద ఆధారపడ్డ బీర్ల సంగతి ఇంకా కష్టం, అవి నెలల్లోనే వెలవెలబోతాయి. కల్లు తెలిసిన జాతికి ఇది కొత్తగా చెప్పాల్సింది కాదు. పొద్దున్నే దింపిన తీపి కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులుస్తుంది. తాజాదనమే దాని ప్రాణం. అయితే నూటికి పది పాళ్ళ ఆల్కహాలు ఉండి, కాచిన చక్కెర పాకంతో నల్లబడి, సీసాలో బతికున్న ఈస్ట్‌తో మూత పడిన బీరు కథ వేరు. అంత ఆల్కహాలులో పాడుచేసే సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడం కష్టం. సీసాలోకి చొరబడ్డ ఆక్సిజన్‌లో చాలా భాగాన్ని ఈస్ట్ మింగేస్తుంది. మిగిలినది ముదురు రంగు పదార్థాలతో కలిసి అట్టముక్క రుచికి బదులు ఎండుపళ్ళ రుచి వైపు నడుస్తుంది. ఈలోగా హాప్ చేదు తగ్గుతుంది, కొత్తలో ఉన్న అరటిపండు వాసన విరిగిపోతుంది, గొంతులో విడిగా మండే ఆల్కహాలు మిగతా రుచిలో కలిసిపోతుంది. అంటే పోయేవి పోతూ ఉంటే వచ్చేవి వస్తూ ఉంటాయి. ఏది ఎంత అన్నదే లెక్క.

ఆ లెక్కలో మొదటి సగం కోసం పోపెరింగె వెళ్ళాను. బెల్జియం పడమటి కొసన, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకున్న చిన్న ఊరు. చుట్టూ హాప్ తోటలు. తమలపాకు తోటల్లో తీగల్లాగే ఇవీ కొయ్యలకూ తీగలకూ అల్లుకుని మనిషికి మూడింతల ఎత్తు లేస్తాయి. పక్కనే ఈపర్ పట్టణం. మొదటి ప్రపంచ యుద్ధంలో నాలుగేళ్ళు ఫిరంగుల కింద నలిగిన ఈ నేలకు మన సైనికులు 1914 శరత్కాలంలోనే వచ్చారు; ఈపర్‌లోని మెనిన్ గేట్ గోడల మీద, సమాధి కూడా దొరకని వేలమంది పేర్లతో పాటు భారత సైనికుల పేర్లూ ఉన్నాయి. ఆ గోడ దగ్గర ఉన్నంతసేపూ బీరు మాట మనసులోకి రాలేదు. అయినా ఈ రెండు కథలూ ఒకచోట కలుస్తాయి. జర్మన్లు ఆక్రమించిన బెల్జియంలో బీరు కాచే రాగి డేగిసాలను యుద్ధ సామగ్రి కోసం ఊడబెరుక్కుపోయారు. ఈ మూల మాత్రం మిత్రరాజ్యాల చేతిలోనే మిగిలింది కాబట్టి వెస్ట్‌వ్లెటెరెన్‌లోని సింట్ సిక్స్‌టస్ మఠం రాగి మఠంలోనే ఉండిపోయింది. 1831లో ఏర్పడిన ట్రాపిస్ట్ సన్యాసుల మఠం అది. ఆ దశాబ్దం ముగిసేలోపే అక్కడ బీరు కాచడం మొదలైంది.

మఠం లోపలికి మామూలు సందర్శకులకు ప్రవేశం లేదు. ఎదురుగా ఉన్న ఇన్ డి వ్రేడె అనే విశ్రాంతిశాలే యాత్రికుల గమ్యం. ఆ పేరుకు 'శాంతిలో' అని అర్థం. పెద్ద అద్దాల కిటికీలు, చదునైన పొలాలు, సైకిళ్ళ మీద వచ్చిన ముసలి దంపతులు, బల్లల మీద మఠం జున్ను. ఇంత పేరున్న బీరును ఇంత మామూలుగా, ఇంటి భోజనంలో మజ్జిగ పోసినట్టు పోయడం నాకు ఎంతో గౌరవంగా అనిపించింది. వెస్ట్‌వ్లెటెరెన్ 12 అనే ఈ బీరు 1940లో మొదలైంది, ఆల్కహాలు 10.2 శాతం. సీసాకు చాలా కాలం లేబుల్ అంటూ లేదు, మూత రంగే గుర్తు: 12కు పసుపు, మఠం మరో బీరు 8కి నీలం. కొత్త 12 గ్లాసులో నల్లగా కనిపిస్తుంది కానీ వెలుతురుకు ఎత్తితే అంచుల్లో దానిమ్మ రసం ఎరుపు. పైన గోధుమ పిండి రంగు నురగ. మొదటి గుక్కలో ముగ్గిన అరటిపండు, ఎండుద్రాక్ష, పాకం ముదిరి గోధుమరంగుకు తిరిగినప్పటి చక్కెర. ఆ పైన హాప్ చేదు స్పష్టంగా ఉంటుంది, ఆల్కహాలు గొంతులో వేడిగా వేరుగా తెలుస్తుంది. చాలా మంచి బీరు. కానీ అన్ని రుచులూ ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఎక్కువ పేచీ పెట్టుకునేవి పండు వాసన, ఆల్కహాలు. కాలానికి ఇక్కడ చేయడానికి పని ఉందని తెలుస్తుంది. అది తెలియడమే నాకు కావలసింది.

2005లో ప్రపంచవ్యాప్తంగా బీరు ప్రియుల మార్కుల్లో ఈ 12 మొదటి స్థానం తెచ్చుకుంది. కొనేవాళ్ళు బారులు తీరారు. సన్యాసులు ఉత్పత్తి పెంచలేదు. మఠం గడవడానికి ఎంత కావాలో అంతే కాస్తామన్నారు, ముందుగా చెప్పి కారు నంబరు ఇచ్చినవాళ్ళకే పెట్టెలు అమ్మారు. ఒక్క 2012లో మాత్రం, మఠం భవనాల పని కోసం, విదేశాలకూ పెట్టెలు పంపారు. ఆ నిగ్రహాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ దాని వల్ల అనుకోకుండా ఒక అనర్థం జరిగింది: దొరకకపోవడమే రుచిగా లెక్కలోకి వచ్చింది. దీనికి రుజువు అక్కడికి సైకిల్ దూరంలోనే, వాటు అనే ఊళ్ళో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మఠం తన వ్యాపారాన్ని కుదించుకుని, 1946లో వాటులోని ఒక జున్ను తయారీ కేంద్రానికి తన బీర్లను కాచి అమ్మే హక్కు ఇచ్చింది. మఠంలో పనిచేసిన బీరు నిపుణుడు విధానాన్నీ, ఈస్ట్‌నూ వెంట తీసుకెళ్ళాడు. ట్రాపిస్ట్ పేరు పెట్టుకోవాలంటే బీరు మఠం గోడల లోపలే తయారవ్వాలన్న పట్టుదల పెరిగి 1992లో ఆ ఒప్పందం ముగిసింది. వాటులో బీరు మాత్రం సెయింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12 పేరుతో, పది శాతం బలంతో కొనసాగింది. మఠం ఇప్పుడు వెస్ట్‌మాల్ మఠం నుంచి ఈస్ట్ తెచ్చుకుంటుంది, పాత ఈస్ట్ సంతతి వాటులో మిగిలింది. ఒక విధంగా పాత రుచికి వారసత్వం చెప్పుకోగలిగింది దుకాణాల్లో సులువుగా దొరికే సీసాయే. రెంటి మధ్య తేడా ఉంది. వాటు బీరు కొంచెం గుండ్రంగా, లవంగం ఘాటు ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా పేరులో ఉన్న తేడాతో పోలిస్తే చాలా చిన్నది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. మఠం, మౌనం, దూరప్రయాణం ఇవన్నీ రుచిలో భాగం కాదా? తిరుపతి లడ్డూను మిఠాయి కొట్టు లడ్డూతో తూకం వేస్తామా? వేయం, వేయకూడదు కూడా. కానీ ప్రసాదానికి ఎవరూ మార్కులు వేయరు. బీరుకు మార్కులు వేసే పని పెట్టుకున్నవాడు నాలుక సాక్ష్యాన్నే తీసుకోవాలి. ప్రయాణపు ఆనందాన్ని ప్రయాణంగా రాసుకోవాలి. పైగా ఈ బీర్ల నిలకడను భక్తి ఖాతాలో వేయడం వాటి వెనకున్న విద్యను చిన్నబుచ్చడమే. రెండో యుద్ధం తరువాత షిమే, రోష్‌ఫోర్ మఠాల బీర్లు నేటి నాణ్యతకు రావడంలో లూవెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ డి క్లెర్క్ సాయం ఉంది. షిమే బీరు కాచే స్కూర్‌మాన్ మఠంలోనే ఆయన సమాధి ఉంది. సన్యాసులు ఒక రసాయన శాస్త్రజ్ఞుణ్ణి తమ మధ్య పూడ్చుకోవడం కంటే ఆ విద్యకు పెద్ద గౌరవం నాకు తోచదు.

బీరు తయారుచేసేవాడు తాగడానికి సిద్ధమయ్యాకే అమ్ముతాడు, దాన్ని మళ్ళీ దాచడం అతని తీర్పును కాదనడమే కదా అన్నది రెండో అభ్యంతరం. ఇది ఇంకా బలమైనది, సగం ఒప్పుకుంటాను. కొత్త 12 అసంపూర్ణం కాదు. ఆవకాయ కలిపిన రోజు వేడన్నంలో కలుపుకుని తినేవాళ్ళు తక్కువ రుచి తింటున్నారని ఎవరనగలరు? ఆ ఆవ ఘాటు మూడోనెల ఉండదు. మూడోనెల ముక్కకు పట్టిన ఉప్పూ నూనే మొదటి రోజు ఉండవు. అవి రెండు వంటకాలు. పాతది గొప్పది అనడం తప్పు, కొత్తదే అసలైనది అనడమూ తప్పు. తేడాను పట్టుకుని, అది ఏ దిక్కుగా జరిగిందో చెప్పడం సమీక్షకుడి పని.

అందుకే ఆంట్వెర్ప్ బల్ల మీద రెండు సీసాలు పెట్టించుకున్నాను: ఆబ్ట్ 12 కొత్తదొకటి, పదేళ్ళు దాటినదొకటి. కుల్మినాటోర్‌లో వెలుతురు తక్కువ, బల్లలు ఇరుకు, పుస్తకమంత జాబితా. తొందరపెట్టేవాళ్ళు లేకపోవడం ఆ చోటుకున్న పెద్ద సౌఖ్యం. కొత్తదాని నురగ నిలబడింది, పాతదాని నురగ నిమిషంలో అంచుకు చేరి ఉంగరంలా మిగిలింది. కొత్తదానిలో అరటి, లవంగం, వేడి. పాతదానిలో అరటి లేనే లేదు. లవంగం దాల్చినచెక్కగా మెత్తబడినట్టుంది. వేడి పోలేదు కానీ ఎక్కడుందో విడిగా చూపలేం. ముందు చెప్పిన మెంతుల వాసన పైన తేలుతూ, కింద తాటి బెల్లం దాన్ని మోస్తోంది. మోయగలగడమే ఇక్కడ తీర్పు. మెంతులు మోతాదు మించితే పచ్చడి చేదెక్కినట్టు, బెల్లం బలం లేని బీరులో సోటోలాన్ దోషమే అవుతుంది. పరిశోధకుల పద్దూ తప్పు కాదు, నా నాలుకా తప్పు చెప్పలేదు. ఈ సీసాలో పోయినదాని కంటే వచ్చినది ఎక్కువ. పక్కన కొత్తది ఉంది కాబట్టే ఇంత ధైర్యంగా అనగలుగుతున్నాను.

పాతికేళ్ళు దాటిన మరో బీరు మూడో గ్లాసులో వచ్చింది. ఆ వయసుకు ఏ బీరుకైనా అదే గతి పట్టవచ్చు కాబట్టి పేరు చెప్పడం న్యాయం కాదు. నురగ లేదు, బుడగ లేదు. సోయా సాస్ వాసన. సీసా అడుగున చచ్చిన ఈస్ట్ కణాలు పగిలి, లోపలి సారం బయటికి వస్తే వచ్చే రుచి అది. ధర మాత్రం మూడింటిలోనూ దానిదే ఎక్కువ. కాలాన్ని సంవత్సరాల్లోనే కొలవకూడదని కూడా గుర్తుంచుకోవాలి. పన్నెండు డిగ్రీల నేలమాళిగలో పదేళ్ళు నడిచే మార్పు ముప్పై అయిదు డిగ్రీల గదిలో చాలా త్వరగా, అదీ వంకరగా, జరిగిపోతుంది. న్యూజెర్సీ ఇంటి బేస్‌మెంట్‌లో దాచుకునేవాళ్ళకు ఈ సరదా సాధ్యం. విజయవాడ వేసవిలో అలమరలో పెట్టిన సీసా మాగదు, ఉడుకుతుంది.

మళ్ళీ రెండో గ్లాసు దగ్గరికే వచ్చాను. గది వేడికి అది కొంచెం వెచ్చబడేసరికి చింతపండు పులుపు ముందుకొచ్చి, బెల్లం వెనక్కి తగ్గింది. సీసా అడుగున మిగిలిన మడ్డిని వేలెడు బీరుతో కలియతిప్పి పోసుకున్నాను. మెంతులు మాయమయ్యాయి. వచ్చినది పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె వాసన, పదేళ్ళ కిందట పని ముగించుకుని అడుగున పడుకున్న ఈస్ట్‌ది.