సీలింగు ఫానంత నేను

మన ఆడవాళ్ళకు కొలతలు కొత్తేమీ కాదు. అడ్డెడు బియ్యం, సోలెడు పప్పు, చిటికెడు పసుపు అంటూ బతుకంతా కొలుస్తూనే ఉంటాం. అయితే మనలో ఎంత బలముందో ఎవరైనా కొలిచారా చెప్పండి! నా బలాన్ని మాత్రం ఈమధ్య కొలిచారు. అక్షరాలా 76 వాట్లు!

కొలిచింది మా వసారాలో ఉన్న సైకిలు. న్యూజెర్సీలో ఉంటున్న మావాడు పట్టుబట్టి కొనిపించాడు. అక్కడ మంచు పడితే బయట తిరగలేరు గనుక ఇంట్లోనే తొక్కుతారట. మా బోథ్‌లో మంచు పడదు గానీ డిసెంబరు తెల్లవారుజామున దుప్పట్లోంచి కాలు బయటపెట్టండి, తెలుస్తుంది. దానికితోడు నాకు మోకాళ్ళ నొప్పులు, బీపీ, అంచుమీద నిలబడ్డ షుగరు. "వారానికి 150 నిమిషాలైనా వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోందమ్మా" అంటాడు. పొద్దస్తమానం వంటింటికీ వాకిలికీ తిరుగుతున్నానుగా నాయనా అంటే, అలా కాదట, గుండె కాస్త ఉరకాలట.

సైకిలు నాకు తెలియందా? 1977 ప్రాంతాల్లో గంటకింతని కిరాయికి తెచ్చి, బారు కిందినుంచి కాలు దూర్చి పోచ్చెర బాటన తొక్కినదాన్నే. లంగా గొలుసులో ఇరుక్కుని చిరిగిన రోజులూ ఉన్నాయి. అప్పుడు శిక్షకుడంటే వెనక సీటు పట్టుకుని రొప్పుతూ పరుగెత్తే అన్నయ్య. ఇప్పుడు ఆ ఉద్యోగం ఫోనుది.

మొదట పరీక్ష పెట్టింది. 20 నిమిషాలపాటు ఓపికున్నంత గట్టిగా తొక్కాలి. సగటున 80 వాట్లు వచ్చాయి. అందులో నూటికి 95 వంతులు లెక్కగట్టి, గంటసేపు నిలబెట్టుకోగల నా బలం 76 అని తేల్చింది. ఇక పథకమంతా ఆ అంకె మీదే. సోమవారం అందులో సగం, బుధవారం నాలుగేసి నిమిషాలు పూర్తిగా, మూడు వారాలు పెంచుకుంటూ పోయి నాలుగోవారం తగ్గింపు. పెడలు మీద పడే బలాన్ని కొలిచే పరికరాన్ని జర్మనీ ఇంజనీరు ఉల్‌రిష్ షోబెరర్ 1980లలో పందెగాళ్ళ కోసం తయారుచేశాడట. పాపం, అది మా వసారాదాకా వస్తుందని ఆయన అనుకుని ఉండడు. ఏమాటకామాటే, ఎవరి సత్తువకు తగ్గ పని వాళ్ళకివ్వడం నాకు నచ్చింది.

మావారు మాత్రం 76 వాట్లనగానే పైకి చూశారు. నెత్తిమీద తిరిగే మా పాత సీలింగు ఫాను తినేది కూడా దాదాపు అంతేనట! "అయితే నువ్వు తొక్కు, ఫాను తిరుగుతుంది, బిల్లు మిగులుతుంది" అన్నారు. తమాషా ఏమిటంటే, బయట తొక్కితే ఎదురుగాలి ఒంటిని చల్లారుస్తుంది. ఇంట్లో ఆ గాలి లేక ఒళ్ళు వేడెక్కి నాడి ఊరికే పెరుగుతుంది. అంచేత ఫానంత బలం పుట్టించడానికి నాకింకో ఫాను కావాలి!

ఈ శిక్షకుడికి గురువారం సెలవు. పత్తి ఏరే వాళ్ళొచ్చిన ఒక గురువారం ముప్ఫై జొన్నరొట్టెలు చేశాను. సాయంత్రం చూస్తే "నేటి శ్రమ సున్నా" అని పచ్చరంగులో మెచ్చుకుంటోంది. నవ్వి ఊరుకున్నాను.

నవ్వలేనిది తర్వాత వచ్చింది. మూడోనెలలో డాక్టరుగారు బీపీ మాత్ర మార్చారు. ఫోనేమో 220లోంచి నా 58 ఏళ్ళు తీసేసి, నా గుండె పై హద్దు 162 అనుకుంటోంది. అందులో నూటికి డెబ్భై, అంటే 113కి నాడి చేరాలి. ఎంత తొక్కినా 98 దాటదే! ఇంకా శ్రమించగలనని దానికి తోచి, వాట్లు పెంచింది. మళ్ళీ పెంచింది. దిగేసరికి కాళ్ళు వణుకు, కళ్ళు చీకట్లు. తెరమీదేమో "శభాష్, పుంజుకుంటున్నారు!"

ఆదిలాబాదు వెళ్ళి డాక్టరుగారికి ఆ అంకెలన్నీ చూపించాను. కొత్త మాత్ర బీటా బ్లాకరనే రకం. గుండెకు పగ్గం వేయడమే దాని పని. ఇక నాడి 113కి ఎలా పోతుంది? అలాగని మాత్ర మనంతట మనం మానేస్తే ప్రమాదమని గట్టిగా చెప్పారు. నాడి సంగతి వదిలేసి, స్వీడన్ దేశపు గున్నార్ బోర్గ్ చేసిన కొలబద్ద వాడమన్నారు. ఆరునుంచి ఇరవైదాకా అంకెలు. ఆరంటే ఊరికే కూర్చున్నట్టు, పదమూడంటే కాస్త కష్టం, ఇరవై అంటే ఇక నా వల్లకాదు. నేను పదకొండుకీ పదమూడుకీ మధ్య ఉండాలి. గుర్తేమిటంటే, మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

మావాడు అంతదూరం నుంచే పథకంలో నాడి లెక్క తీయించి, వాట్లకు హద్దు పెట్టించాడు. ఎలా ఉందన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు నేనే నొక్కుతున్నాను. ఇక మాట్లాడించడానికి మా అత్తమ్మ ఉండనే ఉంది. ఎనభై దాటిన మనిషి. నేనెక్కగానే పక్కన మంచమ్మీద చేరుతుంది. "గంట తొక్కితివి, ఇంక ఈచోడ గూడ రాలేదా?" అని మొదలుపెట్టి పాల లెక్క, పెళ్ళి కబుర్లు అన్నీ అడుగుతుంది. పూర్తి మాటల్లో చెప్పినంతసేపూ ఫరవాలేదు. ఊ, ఆ అన్నానో, "నిమ్మళంగ తొక్కు పిల్లా, నిన్నెవలన్న తరుముతున్నరా?" అంటుంది. నేను ఒక మెట్టు తగ్గిస్తాను.